మీ వీధికి పడ్డ పేరు

అక్కా,

కొట్టు మూసేద్దామనుకుంటున్నానని రాశావు. బట్టలు కుట్టించుకునేవాళ్ళు వీధి మొదట్లోంచే వెనక్కి పోతున్నారనీ, పార్సిలు తెచ్చే అతను కూడా అక్కడే ఆగి ఫోన్ చేస్తున్నాడనీ, మీ వీధికి ఆ పేరు తగిలించిన పాపిష్టివాడెవడోననీ తిట్టావు. ఆ పాపిష్టివాణ్ణి నేనే.

మూడేళ్ళ క్రితం కాలువ దగ్గర రెండిళ్ళవాళ్ళు కొట్టుకున్న రోజు పేపరాఫీసులో వార్తలు దిద్దుతున్నది నేను. ఎవరో ఆడమనిషి ఫోన్ చేసి, వీధి వీధంతా కర్రలు పట్టుకుందని చెప్పిందట. కనుక్కునే తీరిక లేదు. "సమస్యాత్మక ప్రాంతం" అని రాసి పంపేశాను. అసలు ఆ మాటకి అర్థమేమిటని తర్వాత మా ఆఫీసు పెద్దాయన్ని అడిగాను.

"మనం ఒకసారి అలా రాసిన చోటు" అన్నాడు.

నవ్వాను గానీ మా పని జరిగే తీరే అది. కొత్త వార్త వస్తే పాతది తీసి, అందులోని మాటే మళ్ళీ దించేస్తాం. మీ ఎదురింటి పిల్లకి పరుగుపందెంలో కప్పొస్తే, "సమస్యాత్మక ప్రాంతానికి చెందిన" అనే వేశాం. అదీ నా చేతి రాతే.

ఇంకోటి కూడా చెప్పాలి. పోయిన నెల నిన్ను వీధి మొదటికి పిలిచి, చొక్కా గుడ్డ అక్కడే ఇచ్చి వెళ్ళాను కదా. నాకు తొందరపనేమీ లేదు. నేను రాసిన మాటకి నేనే భయపడ్డాను. సిగ్గుగా ఉంది.

నీ తమ్ముడు

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం వచ్చింది, కాసేపే. ఎందుకంటే ఆ ఫోన్ చేసిన ఆడమనిషిని నేను.

గొడవ ఆపబోయి మీ బావ మధ్యలో ఇరుక్కున్నారు. పోలీసులు ఫోన్ ఎత్తలేదు. పేపరువాళ్ళు వస్తేనైనా జడుస్తారని మీ ఆఫీసుకి చేశాను. నిన్ను పిలవమనలేదు. గోరంతలు కొండంతలు చేస్తానని చిన్నప్పటినుంచీ నవ్వుతావుగా. కర్రలు పట్టుకున్నది ఇద్దరే. వీధంతా అన్నది నేను.

ఆ రెండిళ్ళవాళ్ళు మర్నాడే కలిసి కాలువ పూడిక తీసుకున్నారు. ఇప్పుడు ఒకింటావిడ నా కొట్లో కాజాలు కుడుతుంది, రెండో ఇంటావిడ మా ఇద్దరికీ టీ తెచ్చి పోస్తుంది. ఆ గొడవని మూడేళ్ళు నిలబెట్టింది మనమిద్దరమే.

కొట్టు మూయను. ఆ మాట నువ్వు తీయించు. ఫోన్ సంగతి మీ పెద్దాయనకి నేనే వచ్చి చెబుతాను. నీ చొక్కా అయిపోయింది. ఈసారి వీధి మొదటికి తెచ్చివ్వను. మా గుమ్మం దాకా వచ్చి తొడుక్కుని చూసుకో.

అక్క