పెడల్ మీది కాలు గురించి విజ్ఞాపన

జనగామ, నవంబరు 3

ఢిల్లీలోనో, హైదరాబాదులోనో, నడుమ ఏ సొరుగులోనో కొలువుదీరిన మహాశయులకు — తెలుగు ఎం.ఏ. పట్టభద్రుడనూ, ఉద్యమ సభల కీబోర్డు వాద్యకారుడనూ అయిన నేను సవినయంగా విన్నవించునది.

మా గాయకుడు సమ్మన్న గొంతు దెబ్బతిన్నది. నెల రోజులు మాట కూడా కూడదని డాక్టరు ఉత్తర్వు. తొమ్మిదిన భూపాలపల్లిలో సంస్మరణ సభ. సంస్మరణ ఇతని తమ్ముడు సారయ్యకే. తెలంగాణ కోసమని కాగితం రాసిపెట్టి, పోయిన వారం ప్రాణం తీసుకున్నాడు.

సమ్మన్న పాడతానంటున్నాడు. పాడితే గొంతు శాశ్వతంగా పోవచ్చునట.

నవంబరు 4

సస్టెయిన్ పెడల్‌పై, అనగా తొక్కి ఉంచితే చెయ్యి తీసినా స్వరాన్ని నిలిపే కాలిమీటపై విచారణ. ఉద్దేశం: అతని ఊపిరి తెగే చోట నా స్వరం నిలవాలి.

కీబోర్డులోని ధ్వనులు వరుసగా. పియానో — కాలు తీయకున్నా ధ్వని తనంతట తానే క్షీణిస్తుంది. ఎన్నికల హామీ లక్షణం. తిరస్కృతం.

ఆర్గాన్ — క్షీణించదు. కాలు తీసేవరకు అదే గట్టితనం. పాత స్వరం మీద కొత్త స్వరం, దాని మీద మరొకటి... "పరిశీలనలో ఉన్నది" అనే ప్రకటన లక్షణం. తిరస్కృతం.

నవంబరు 5

వేణువు. పెడల్ తొక్కితే ఊపిరి తీసుకోని వేణువు. సమ్మన్న నవ్వబోయి దగ్గాడు. రుమాలు చూసుకొని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను చూడలేదని నమోదు.

డప్పు శబ్దం — పెడల్‌కు దానిపై ఏ అధికారమూ లేదు. కొట్టినంతే మోగి ఊరుకుంటుంది.

"గదొక్కటే ఎవ్వల మాట ఇనది," గుసగుసగా సమ్మన్న.

స్ట్రింగ్స్, అంటే వయొలిన్ల గుంపు ధ్వని — మెల్లగా లేచి, చెయ్యి తీసినా నిలుస్తుంది. ఆమోదితం.

మహబూబాబాద్, నవంబరు 6

ట్రాక్టర్ ట్రాలీయే వేదిక. పెడల్ జారిపోకుండా చెప్పులు విడిచి మడమతో అదిమి పట్టడం నా అలవాటు. స్విచ్ వేసినప్పుడూ అదిమే ఉంచాను. తొక్కిన స్థితే విశ్రాంతి అని కీబోర్డు నిర్ణయించుకున్నది. ఆపైన తొక్కితే ఆగింది, వదిలితే మోగింది. కాలు తీసి, ఆపి, మళ్ళీ వేస్తే దారికొచ్చింది.

ఇవాళ రెండే పంక్తులు పాడించాను. గొంతు ఆగిన చోటు ఎవరికీ తెలియలేదు.

"నీ కాలు నాకన్న మంచిగ పాడ్తుందిరా..."

నవంబరు 8

నేను వాయిస్తాను, నువ్వు ఊరికే నిలబడు అన్నాను.

"నా తమ్మునికి నేను పాడకుంటే ఎవ్వలు పాడ్తరు?"

ఫైలు మూసివేయడమైనది.

భూపాలపల్లి, నవంబరు 9

మొదటి చరణం గడిచింది. రెండో చరణంలో కరెంటు పోయింది. మైకు లేదు, కీబోర్డు లేదు. మైదానం చివరన ఉన్నవాళ్ళు వినపడుతలేదని అరిచారు. సమ్మన్న ఆగలేదు. గొంతెత్తాడు. చివరి వరుసకు వినిపించేదాకా ఎత్తాడు... తమ్ముని పేరు దగ్గర గొంతు పోయింది. నోరు తెరిచే ఉంది. గాలి మాత్రమే వస్తున్నది.

నా మడమ పెడల్ మీద బిగుసుకుపోయింది. కరెంటు వచ్చింది. ఏమి చేయాలో తోచక స్ట్రింగ్స్‌లో మూడు మీటలు నొక్కాను. అధ్యక్షులు మౌనం ప్రకటించారు. మౌనంలో వాద్యం మీద కాలూ చెయ్యీ ఉంచరాదని మా బృందం నియమం. రెండూ తీశాను.

ధ్వని ఆగలేదు.

మహబూబాబాద్ తప్పే మళ్ళీ: కరెంటు వచ్చినప్పుడు మడమ పెడల్ మీదే ఉంది. తొక్కితే ఆగుతుందని తెలుసు. కాలు ముందుకు జరిపాను. వేదిక మెట్టు మీద కూర్చున్న అవ్వ, ఆ అన్నదమ్ముల కన్నతల్లి, నా పాదం పట్టుకున్నది.

"జర ఉండనీ బిడ్డా. ఆపకు."

రెండు నిమిషాల మౌనం రెండు నిమిషాలూ మోగింది. కావాలనే ఏర్పాటు చేశామనుకున్నారట. ఒకాయన అభినందించాడు.

దిగేటప్పుడు అవ్వ ఒకటే అడిగింది, పెద్దోని గొంతు ఎప్పుడొస్తదని. నెలలో వస్తుందన్నాను.

నవంబరు 10

ప్రయాణం. సమ్మన్న పలక కొనుక్కున్నాడు. ఏమీ రాయలేదు.

జనగామ, నవంబరు 12

దవాఖాన. గొంతు ఇక రాదన్నారు.

సాయంత్రం అవ్వ ఫోను. "పెద్దోనికియ్యి, బిడ్డా." చెవికి పెట్టాను. విన్నాడు. ఊపిరి తప్ప ఏమీ ఇవ్వలేదు. నేనే అందుకొని, డాక్టరు మాట్లాడొద్దన్నాడు అవ్వా, నెలలో వస్తది అన్నాను. రేపు మళ్ళీ చేస్తానన్నది. సమ్మన్న పలక మీద ఒక్క ముక్క రాసి నా వైపు తిప్పాడు: "చెప్పకు."

కావున మొదట పేర్కొన్న మహాశయులకు — రాష్ట్రం గురించిన అర్జీలు తమ వద్ద పేరుకొనియున్నవి. దీనిని వాటిలో కలపరాదు.

డిమాండు సంఖ్య 1: అవ్వకు నేను చెప్పిన ఆ నెల ఎప్పటివరకు పొడిగించవలెనో, ఆమె రేపు ఫోను చేసేలోగా లిఖితపూర్వకంగా తెలుపవలెను.