పదకొండు అడుగుల తొమ్మిది అంగుళాలు

మలక్‌పేట,
18-11-1974

శ్రీవారికి మీ సుందరి నమస్కరించి రాసుకునేది. ఇక్కడ నేనూ పిల్లలూ బాగానే ఉన్నాం. ఆదిలాబాద్ చలికి మీరెలా ఉన్నారోనన్నదే నా బెంగ. స్వెట్టరు ట్రంకుపెట్టెలో అడుగున ఉంది. మీరు పైపైన వెతికి లేదని రాసేశారు. ఇంకోసారి చెయ్యి లోపలికంటా పెట్టండి.

మీరడిగినవాటికి వరసగా జవాబులు. చంటాడి దగ్గు తగ్గింది. మిరియాల కషాయం పట్టిస్తే నామీద ఉమ్మేశాడు, అయినా తగ్గింది. ఇంటావిడ లలితమ్మగారు ఉగాదిలోగా ఖాళీ చెయ్యమని మళ్ళీ అన్నారు. కుళాయి దగ్గర నలుగురి ముందూ అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఈ ఊరొచ్చిన ఎనిమిదేళ్ళలో ఇది అయిదో అద్దె కొంప. ఏ గోడకీ ఓ మేకు కొట్టుకునే రాత లేదు కదా మనకి.

ఇక మూడోది. "ఉప్పుగూడలో ఇల్లు చూడబోతున్నానన్నావు, తర్వాతి ఉత్తరంలో మంచం పట్టదన్నావు, ఆ తర్వాత ఊసే లేదు, ఏమిటి సంగతి?" అని అడిగారు. నాలుగు రోజులుగా కలం పట్టుకోవడం, పక్కన పెట్టడం. ఇవాళ రాసేస్తాను. చదివాక నన్ను తిడితే తిట్టండి.

ఇళ్ళు చూడ్డానికి వెళ్ళేముందు మీరు నాకో పెద్ద పాఠమే రాసి పంపారు. భోజనాల వేళ వెళ్ళకు. వాళ్ళ వంటిల్లు చూసి ముక్కు చిట్లించకు. మూసిన తలుపు తియ్యకు. ఎందుకు అమ్ముతున్నారని అడగకు. అవన్నీ పాటించాను, మీ మీద ఒట్టు. చివర్న మీరే "కొలవకుండా మాత్రం రాకు" అని కూడా రాశారు. మిమ్మల్ని అనడం లేదు. చెయ్యి నాది.

మన అంట్లు తోమే ఆగమ్మ తీసుకెళ్ళింది నన్ను. సందు మొదట్లోనే ఆ ఇల్లు అమ్మే ఆవిడ రాహేలు ఎదురొచ్చింది. అరవై ఏళ్ళుంటాయి, తెల్లచీర. వాళ్ళు క్రైస్తవులు. భర్త ప్రకాశం తాపీమేస్త్రీగా చేసినవాడు. సిమెంటు దుమ్ము మింగీ మింగీ ఊపిరితిత్తులు చెడి, ఆర్నెల్లుగా మంచంలో ఉన్నాడు.

"అమ్మా, లోపల ధర మాట ఎత్తకుండ్రి. ఆయనకు ఎరుక లేదు," అంది రాహేలు నా చెయ్యి పట్టుకుని. "ఇల్లమ్మి మద్రాసుల ఆపరేషన్ చేపిస్తనంటే పానం పోయినా ఒప్పుకోడు. ఇల్లు నా పేరు మీదున్నది గనుక నేనే అమ్ముతున్న. ఎవరొచ్చినా ప్రార్థనకొచ్చిండ్రని చెప్తున్న. మీరు గూడ గట్లనే అనుండ్రి."

వాళ్ళలో ఎవరికైనా జబ్బు చేస్తే తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు కూడా వచ్చి మంచం పక్కన ప్రార్థన చేసి వెళ్తారట. అందుకని ఎవరొచ్చినా ఆయనకి అనుమానం రాదు. నేను సరేనన్నాను.

ఇల్లు ఎంత బాగుందనుకున్నారు! రెండు గదులు, వంటిల్లు, వెనక జామచెట్టు, సొంత కుళాయి. ఆ కుళాయి చూస్తే నాకు ఏడుపొచ్చింది. పెద్దగదిలోనే ఆయన మంచం. కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. రాహేలు చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఎదురుగా కిటికీ లేని గోడ. మా పుట్టింటి పందిరిమంచం, దాని పక్కన బీరువా, రెంటికీ పద్నాలుగు జానలు కావాలి కదా. నిద్రపోతున్నాడుగా అనుకుని గోడ వెంబడి జానలు పెట్టాను. లాడ్ బజార్‌లో మీరు కొనిపెట్టిన గాజులు జానకోసారి గోడకి తగిలి గలగలమంటున్నాయి. నాకు వినబడితేనా! పద్నాలుగు, పదిహేను, ఇంకా కొంచెం మిగిలింది. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

"పదకొండు ఫీట్ల మీద తొమ్మిదించులు. జానలతోని లెక్క తప్పుతదమ్మా. గీ గోడ నేనే కట్టిన," అన్నాడు ఆయన, కళ్ళు తెరవకుండానే. తర్వాత మెల్లిగా అడిగాడు, "ఏం పెడ్తరు గీడ?"

"పందిరిమంచమండీ," అనేశాను.

అనేశానండీ. ఎనిమిదేళ్ళ ఆశ నోట్లోంచి దూకేసింది. నాలిక కరుచుకునేసరికే ఆయన కళ్ళు తెరిచి నన్ను చూస్తున్నాడు.

"ప్రార్థనకొచ్చినోళ్ళు గోడలు కొలువరు గద బిడ్డా."

కోపం లేదు. కోప్పడినా బాగుండేది. రాహేలు చాయ్ పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. ఆయన గోడ పట్టుకుని లేచాడు. వద్దంటే వినలేదు. "ఇల్లు చూడనీకె వచ్చినోళ్ళకు ఇల్లు చూపియ్యాలె, రాహేలూ. చాయ్ గీడ పెట్టు," అన్నాడు. అడుగుకోసారి ఆయాసపడుతూ నాకు ఇల్లంతా చూపించాడు. వంటింటి మూల దగ్గర ఆగి, "గీడ వానకు ఉరుస్తది. దాచిపెట్టి అమ్మితే పాపం," అన్నాడు. జామచెట్టు దాకా వచ్చి, దాని కాయలు తియ్యగా ఉంటాయని చెప్పి, నన్ను గేటు వరకూ సాగనంపాడు. చాయ్ కూడా తాగకుండా వచ్చేశాను.

ఇంటికొచ్చి మీకు మంచం పట్టదని రాశాను. అబద్ధం. మంచం పడుతుంది, బీరువా పడుతుంది, ఇంకా జానకి పైగా మిగులుతుంది.

మొన్న గురువారం ఆగమ్మ గిన్నెలు కడుగుతూ కడుగుతూ ఆగిపోయింది. "ప్రకాశం తాత పోయిండమ్మా. మద్రాసు పోనే పోనన్నడంట. నేను పోయినా రాహేలు నెత్తి మీద కప్పుండాలె అన్నడంట," అంది. నేను వెళ్ళి సరిగ్గా మూడు వారాలు.

ఆయన ఎలాగూ పోయేవాడేనని మీరు అంటారు. ఆపరేషన్ చేస్తే బతికేవాడేమోనని నేనంటాను. ఇద్దరికీ తెలియదు. ఆయనకి తెలియకుండా ఉండాల్సింది మాత్రం నా వల్లే తెలిసింది.

నిన్న వెళ్ళాను. ఆ గదిలో మంచం తీసేశారు. రాహేలు కిందే కూర్చుని ఉంది. ఆమె కాళ్ళ దగ్గర కూలబడి, "నా వల్లే అమ్మా," అని ఏడ్చాను. అమ్మడం గురించి నేను అడగలేదు, ఆమే చెప్పింది, "ఇంక ఎవరి కోసమని అమ్మాలె?" అని. నా తల మీద చెయ్యి వేసింది.

"ఆ దినం ప్రార్థనకని వచ్చినవ్ గద బిడ్డా. ఇయ్యాల చెయ్యి."

గాజులు చప్పుడు కాకుండా మోచేతి పైకి ఎగదోసుకుని, ఆ గోడకెదురుగా కూర్చుని చేతులు జోడించాను. వాళ్ళ ప్రార్థన నాకు రాదు. మన శ్లోకం ఒక్కటీ గుర్తు రాలేదు. పదకొండు అడుగుల తొమ్మిది అంగుళాలు, పదకొండు అడుగుల తొమ్మిది అంగుళాలు, అదొక్కటే నోట్లో ఆడింది. కళ్ళు మూసుకుని అదే అనుకుంటూ ఉండిపోయాను. రాహేలు "ఆమెన్" అంది.

ఇట్లు,
ఇక ఏ ఇంటి గోడా కొలవలేని
మీ ఇల్లాలు
బాలత్రిపురసుందరి