నాలుగో వరుస

స్ఫాక్స్,
14 నవంబరు 1998.

పూజ్యులు ప్రొఫెసర్ మొన్సెఫ్ గారికి,

మీ విద్యార్థిని హెందా సలాములు. మీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. ఇక్కడ మొదటి వాన పడింది, ఆలివ్ కోతలు మొదలయ్యాయి.

ఒక మనవి. నా పరిశోధన పద్ధతి మార్చుకోనివ్వండి. ఇంటర్వ్యూలు ఇక వద్దు. పీపాల్లో ఆలివ్ నూనె అమ్ముకునే కంపెనీ సొంత పేరుతో సీసాల్లోకి ఎందుకు మారిందో, లైబ్రరీలో దొరికే వార్షిక నివేదికలు చదివి రాసుకుంటాను. అంకెలు ఏం మారిందో చెబుతాయి, ఎందుకు మారిందో మనుషులే చెప్పాలి, పోయి వాళ్ల పక్కన కూర్చోవమ్మా అని మీరే పంపారు. కూర్చున్నాను. చెప్పారు. అదే కొంప ముంచింది.

అనుమతి ఇచ్చినందుకు కంపెనీకి మధ్యంతర నివేదిక ఇవ్వాలి కదా, ఇచ్చాను. పరిశోధన పుస్తకంలో చెప్పినట్టే పేర్లు తీసేశాను. పట్టికలో నాలుగో వరుస: స్త్రీ, రుచి చూసే విభాగం, ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. పక్కనే ఆవిడ మాట: సీసా కొత్తదే, లోపలి నూనె మాత్రం నిరుటిది. ఆ విభాగంలో ఆడమనిషి ఒక్కతే! నా తెలివి తెల్లారినట్టే ఉంది. వారం తిరక్కుండా ఆవిడను లేబుళ్లు అతికించే బల్ల దగ్గరికి మార్చేశారు.

డైరెక్టర్ లత్ఫీ నన్ను వదలడు. కాఫీ తెప్పించి మరీ, భేషుగ్గా చేస్తున్నావమ్మా, మాకు చెప్పనివన్నీ నీకు చెబుతున్నారే, ఇంకో ఇరవై మందిని కదిలించు అంటాడు. ఆపితే అనుమతి రద్దట, మూడేళ్ల కష్టం మట్టిపాలు. సాగిస్తే నేను అతని వేగుదాన్ని. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వాచ్‌మన్ సాలెం బాబాయ్ నన్ను చూడగానే, నా నోటికి తాళం వేశానమ్మాయ్, తాళంచెవి కూడా మింగేశా అని నవ్వుతాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాదు.

నివేదికలు చదవడానికి కంపెనీ అనుమతి అక్కర్లేదు, పద్ధతి మార్పుకు మీ సంతకం ఒక్కటే నాకు దారి.

మీ దయ కోరే,
హెందా

తా.క. కంపెనీలో నాకు బంధువులెవరూ లేరని ఫారంలో అబద్ధం రాశాను. నాలుగో వరుసలోని ఆవిడ మా అమ్మ. ఆ నూనె మాట తను నాతోనే కాక రుచి చూసే గదిలో నలుగురి ముందూ అన్నదట, అందుకే వాళ్లలో ఎవరో డైరెక్టర్‌కి మోశారని నమ్ముతోంది. సాలెం బాబాయ్‌తో మాటలు మానేసింది. రోజూ కుస్కుస్ వడ్డిస్తూ, నువ్వు అందరితో మాట్లాడతావుగా, కాస్త కూపీ లాగవే తల్లీ అని బతిమాలుతుంది. అందరినీ అనుమానిస్తోంది, నన్ను తప్ప.