జడ్డిగంలో గుమ్మరించిన గింజలు

అవ్వా,

నువ్వు పోయినప్పటినుంచీ అటక మీదే ఉన్న మన విత్తనాల గొర్రును పెనుకొండలో కళాప్రదర్శనకు ఇచ్చాను. దాన్ని చేతికందే ఎత్తులో తాళ్లతో పైకప్పుకు వేలాడదీశారు. గింజలను నువ్వు వదిలే జడ్డిగం, ఆ కొయ్యగిన్నె, దీపాల కింద మెరుస్తోంది. నీ చెయ్యి ఆని అరిగిన అంచు అలాగే ఉంది.

పక్కనే గంపలో చెనక్కాయ విత్తనాలు పెట్టారు. "మీ అవ్వ ఎట్ల ఇత్తేదో చూపించండి మేడం," అన్నాడు దాన్ని వేలాడదీసిన కళాకారుడు. నేను దోసెడు తీసి ఒక్కసారిగా జడ్డిగంలో పోశాను. దాని కింద గింజలు జారే గొట్టాలు పూడిపోయి గింజలు నేలంతా చిందాయి.

చూడవచ్చిన ఒక ముసలామె నవ్వింది. "అట్ల గుమ్మరిస్తారా అమ్మా? పిడికిట్లోంచి ఒక్కొక్కటే జారల్ల," అని చేసి చూపించింది. ఆమె వేళ్లు అచ్చం నీ వేళ్లలాగే కదిలాయి.

"నా ఎనకాల నాలుగు సాళ్లు నడువు, చెయ్యే నేర్చుకుంటాది," అని నువ్వు పిలిచిన ప్రతిసారీ పరీక్షలున్నాయన్నాను. లేనప్పుడు కూడా.

"ఎవరి మనవరాలివమ్మా?" అని అడిగింది ఆమె.

విత్తనం వేయడానికి ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ నిన్నే పిలిచేవి. నీ పేరు చెబితే ఆమె గుర్తుపట్టేది.

"మాది హిందూపురం టౌనమ్మా," అన్నాను.