కునుకు తీసినంత మాత్రాన మతి పోదు

డ్రైవింగ్ స్కూలు యజమానురాలిని, వీధి వీధంతా క్లచ్చక్క అని పిలిచే నేను, నా స్వార్జితం ఎవరికి చెందాలో, ఎవరికి చెందకూడదో ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో రాసి ఉంచుతున్నాను. నాకు పార్కిన్సన్స్ జబ్బు ఉంది. చేయి వణుకుతుంది, నడక తడబడుతుంది, కూర్చున్నచోటే కునుకు పడుతుంది. వీటిలో ఏదీ మతి లేకపోవడం కాదు. పొద్దుటి మాత్ర పనిచేస్తున్నంతసేపే రాశాను. కళ్ళు మూతపడబోతే కాగితాలు దిండు కింద పెట్టుకున్నాను. ఈ ఇంట్లో నేను పూర్తిగా నమ్మేది ఆ దిండునే.

1. స్కూలు, దాని కార్లు నా తమ్ముడికి చెందవు. ఈ ముక్క ముందే చెప్పేస్తే వాడికి ఎదురుచూపు తప్పుతుంది.

కారణం రాస్తున్నాను. ఒకరోజు కారు నేర్చుకుంటున్న అమ్మాయి పక్కన కూర్చుని ఉండగా నాకు కునుకు పట్టింది. నా వైపు బ్రేకు మీద ఉండాల్సిన కాలు పక్కకు జారిపోయింది. కారు వెళ్ళి పూలకుండీల దుకాణం గోడను గుద్దింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ మధ్యాహ్నానికే తమ్ముడు ఆఫీసులో నా కుర్చీలో కూర్చుని, "అక్కా, నువ్వింక ఇంట్లో హాయిగా పడుకో. ఇవన్నీ నేను చూసుకుంటాగా" అన్నాడు. స్టీరింగు వదిలేశాను. అది నేనుగా తీసుకున్న నిర్ణయం. కారు నడపలేనివాళ్ళు స్కూలు నడపలేరని మాత్రం ఎవరన్నారు? సోఫాలో కళ్ళు మూసుకుని ఉన్నప్పుడు, "మా అక్కకి మతి చలించిందండీ" అని వాడు ఫోనులో ఎవరికో చెప్పడం నా చెవులారా విన్నాను. కళ్ళు మూసుకున్న ప్రతి మనిషీ నిద్రపోతున్నట్టు కాదు.

2. పై స్కూలు, కార్లు సర్వహక్కులతో నా కోడలికి చెందుతాయి. ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యత కూడా ఆమెదే.

ఆమెను నేను అనుమానించలేదని కాదు. కాఫీ తాగిన ప్రతిసారీ నిద్ర ముంచుకొచ్చేది. తమ్ముడూ ఈమే కుమ్మక్కై అందులో ఏదో కలుపుతున్నారనుకున్నాను. ఆమె అటు తిరగ్గానే కప్పులు మార్చేదాన్ని. నా కప్పు తాగిన ఆమె చకచకా ఇస్త్రీ చేసుకునేది, ఆమె కప్పు తాగిన నేను గురక పెట్టేదాన్ని. చివరికి ఒకరోజు, "అత్తయ్యా, కప్పులు మార్చుకుంటే మార్చుకోండి గానీ, పంచదార లేని మీ చప్పిడి కాఫీ తాగలేక చస్తున్నాను. రేపట్నుంచి రెండూ చప్పగానే కలిపేస్తా, మీకా శ్రమ కూడా ఉండదు" అంది. మొదటినుంచీ తెలిసే తాగిందన్నమాట!

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది కూడా ఆమే. నిద్ర జబ్బులోనే ఉందనీ, ఒక మాత్ర దాన్ని పెంచుతోందనీ, మనసు దిగులుపడటం కూడా ఇందులో భాగమేననీ ఆయన చెప్పాడు. "ఈ మధ్య ఏడుపొస్తోందా అమ్మా?" అని అడిగాడు. "అది వచ్చేలోపే నిద్రొచ్చేస్తోందండీ" అన్నాను. మాత్ర తగ్గించాడు. వణుకు కాస్త పెరిగింది, మెలకువ కూడా పెరిగింది. అప్పుడు డాక్టరూ కోడలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్న తీరు మాత్రం నాకింకా నచ్చలేదు.

తర్వాత ఒకరోజు నేను తూగుతుంటే తమ్ముడు వచ్చి, స్కూలు బదిలీ కాగితం నా ఒళ్ళో పెట్టి, వేళ్ళ మధ్య పెన్ను ఇరికించాడు. నాకు తెలుస్తోంది, నోరు పెగలడం లేదు. కోడలు వచ్చి పెన్ను లాగేసింది. "అత్తయ్య లేచాక చదువుకుని పెడతారు. అందాకా మీరు టీ తాగుతూ కూర్చోండి బాబాయ్ గారూ" అంది. వాడు టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. ఈ క్లాజుకు అదే కారణం. అయినా నమ్మకం నమ్మకమే, షరతు షరతే: నేను బతికుండగా స్కూలు తాళాలు నా కొంగునే ఉంటాయి.

3. తమ్ముడికి ఆఫీసులోని ఆ కుర్చీ ఇస్తున్నాను, మోజుపడ్డాడు గనుక. చిన్నప్పుడు వాడికి సైకిల్ నేర్పింది నేనే. వెనక పట్టుకున్నానని చెప్పి వదిలేసేదాన్ని. వాడు పడకుండా చాలా దూరం పోయేవాడు. ఆ తమ్ముడంటే నాకిప్పటికీ ఇష్టమే.

4. ఎవరేమన్నా ఇద్దరివైపూ తలూపే నా కొడుక్కి నా వాలు కుర్చీ. అందులో పడుకుని తలూపితే మెడ నొప్పెట్టదు.

5. నేను పోయానని డాక్టరు రాసి ఇచ్చేదాకా ఎవరూ బీరువా తెరవకూడదు.

6. జబ్బువల్ల నా అక్షరం చీమతలంత అయింది. సంతకం నాది కాదని ఎవరైనా అంటారని పక్కనే వేలిముద్ర కూడా వేస్తున్నాను.

7. మనవరాలికి స్కూలుది కాని నా సొంత నీలం కారు, లైసెన్సు వచ్చాకే. జబ్బు నా ముఖాన్ని బిగించేసింది. నువ్వు తలుపు దగ్గరే ఆగి, "నానమ్మా, కోపమా?" అని అడిగేదానివి. కాదు తల్లీ. పైకి రాలేదంతే, నువ్వు గదిలోకి వచ్చిన ప్రతిసారీ నేను నవ్వాను.

మార్చి పదకొండు, మంగళవారం, ఉదయం, పూర్తి మెలకువలో.

(సంతకం, ఎడమ బొటనవేలి ముద్ర)
క్లచ్చక్క

సాక్షులు (వీరికి ఇందులో చిల్లిగవ్వ రాదు, అందుకే పిలిచాను):
1. స్కూలు కార్ల మెకానిక్
2. ఎదురింటి పళ్ళ డాక్టరమ్మ