మా పెద్దమేస్త్రి చేతులు

ప్రియాతిప్రియమైన అక్కకు, సంచుల, సూట్‌కేసుల చికిత్సాలయం ఏకైక అధిపతికి,

మందుసీసాల మీద "బాగా కుదిపి వాడవలెను" అని రాసి పొట్టపోసుకుంటున్న నీ తమ్ముడు సవినయంగా తెలియజేయునది ఏమనగా, దొంగసొత్తు తీసేశాను. మన వెబ్‌సైట్ నెత్తిన పెట్టిన ఎర్ర సూట్‌కేస్ ఫోటో ఇక లేదు. దాని సొంతదారు లాయరుకి "తెలియక వాడాం, తీసేశాం, క్షమించగలరు" అని రాశాను. ఈసారికి వదిలేస్తున్నాననీ, మళ్ళీ జరిగితే కోర్టులో కలుద్దామనీ జవాబిచ్చాడు. చాలా మర్యాదస్తుడు.

ఇంకో నోటీసు వస్తే షట్టర్ దించేసి ఎవరి దగ్గరో పనికి కుదురుకుంటానన్నావు. నువ్వు అన్నంత పనీ చేసే మనిషివి. అందుకే పది రోజులు కళ్ళు కాయలు కాసేలా వెతికాను. కొనే ఫోటోలు చూశాను. ఒక్కదాని ఖరీదుకి నువ్వు పదకొండు జిప్పులు వెయ్యాలి. ఉచితం అన్నవి చూశాను. ఒకాయన ఉచితమే కానీ వ్యాపారానికి వాడొద్దంటాడు. ఇంకొకాయన వాడుకో కానీ కింద నా పేరు వెయ్యి అంటాడు. ఆ పేరు మన దుకాణం బోర్డు కంటే పొడుగు. ఒక దాంట్లో సంచి బ్రహ్మాండంగా ఉంది, కానీ దాని మీద పెద్ద కంపెనీ ముద్ర ఉంది, వాళ్ళతో మరో తంటా. ఇంకో దాంట్లో ఒకావిడ సూట్‌కేస్ పట్టుకుని ముప్పై రెండు పళ్ళూ చూపిస్తోంది. ముఖం గుర్తుపట్టేలా ఉంటే ఆ మనిషి ఒప్పుకుని సంతకం పెట్టిన కాగితం ఉండాలట. పైగా ఆవిడే వేరేచోట పళ్ళపొడి అమ్ముతోంది, మరోచోట ఇళ్ళస్థలాలు అమ్ముతోంది. సంచులు కూడా కుడుతుందంటే ఎవరు నమ్ముతారు?

చివరికి దొరికింది. ముసలాయన ఒకరు చర్మం పట్టీ కుడుతున్న ఫోటో. తల వంచుకున్నాడు, నెరిసిన జుట్టు తప్ప ముఖం లేదు. రెండు చేతులు, సూది, దారం, అంతే. ఎడమచేతి ఉంగరం వేలు మాత్రం మిగతా వేళ్ళతో కలవకుండా నిటారుగా నిలబడి ఉంది, సమ్మె చేస్తున్నట్టు. తీసినవాడు ఎవరైనా, దేనికైనా, వ్యాపారానికైనా, పేరు వెయ్యకుండా వాడుకోవచ్చని రాసిపెట్టాడు. ఆ కాగితం అచ్చుతీసి జతచేశాను. మూడుసార్లు చదివి బీరువాలో దాచుకో.

కింద ఒక్క వాక్యం నా సొంత కవిత్వం: "మా పెద్దమేస్త్రి. నలభై ఏళ్ళుగా ఇవే చేతులు."

మెచ్చుకోలు ఉత్తరం కోసం ఎదురుచూస్తూ,
నీ కడగొట్టు తమ్ముడు

*

ప్రియమైన కోతికి,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటని అడగకు. ఫోన్లో నువ్వు నవ్వించి మాట దాటేస్తావు. కాగితం మీదైతే మధ్యలో దూరలేవు.

ఫోటో బాగుంది. కాగితం బీరువాలో పెట్టాను. వారం నుంచి పని కూడా పెరిగింది, కాదనను. చక్రాలు ఊడిన సూట్‌కేసులు ఐదు, పిడి విరిగినవి మూడు, ఒక వయొలిన్ పెట్టె.

కానీ వచ్చినవాళ్ళంతా పెద్దమేస్త్రిని అడుగుతున్నారు. మొదటాయనకి భోజనానికి వెళ్ళారని చెప్పాను. రెండో ఆయన గంటసేపు కూర్చున్నాడు. "ఏం తల్లీ, ఇంకా తింటున్నారా?" అన్నాడు. వయొలిన్ పెట్టె తెచ్చినాయన నా చేతికి ఇవ్వనే లేదు. "మేస్త్రిగారు వచ్చాకే ఇస్తానమ్మా" అని పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పన్నెండేళ్ళుగా ఈ దుకాణంలో ప్రతి కుట్టూ నాది. లేని మనిషి ముందు నేను చేతికింద పనిమనిషినయ్యాను.

ఆ వాక్యం తీసెయ్. ఫోటో ఉంచు.

అక్క

*

ప్రియమైన, కోపంలోనూ అందమైన అక్కకు,

తీస్తాను, తప్పకుండా తీస్తాను. కానీ ఒక్క నెల ఆగితే ఏం? నీ ఉత్తరం ప్రకారమే పని పెరిగింది. మేస్త్రిగారికి మోకాళ్ళనొప్పులని చెప్పు. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడను. ఆయన ఇంట్లో కూర్చుని కుడతారనీ, నువ్వు చేరవేస్తావనీ చెప్పు. వయొలిన్ ఆయనకైతే మేస్త్రిగారి ఆశీస్సులు కూడా అందజెయ్యి.

లేని మనిషి ఎవరికీ అపకారం చెయ్యలేడక్కా. ముఖం లేదు, పేరు లేదు, నోటీసు పంపడానికి లాయరు లేడు. ఇంతకంటే క్షేమమైన ఉద్యోగి నీకు దొరకడు.

నీ ప్రచారశాఖామాత్యుడు

*

తమ్ముడూ,

నిన్న పొద్దున షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుందట. రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో బాగుచెయ్యాల్సిందేమీ లేదు.

"మీ పెద్దమేస్త్రిగారు ఎన్నింటికి వస్తారండీ?" అంది.

నేను నీ పాఠం ఒప్పజెప్పాను. మోకాళ్ళనొప్పులు, డాక్టరు, మెట్లు. ఆ అమ్మాయి ముఖం ఎలా అయిందో రాయలేను. "మోకాళ్ళు బాలేదా? ఎప్పటినుంచి? ఎవరు చూసుకుంటున్నారు?" అని నా చెయ్యి పట్టుకుంది. అప్పటికి నాకు ఏదో తేడాగా ఉందనిపించింది.

ఫోటోలో ఉన్నాయన వాళ్ళ నాన్నట, ఎప్పటినుంచో ఇదే పనట. తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళమ్మతో మాటామాటా పెరిగి, కట్టుకున్న బట్టలతో బయటికి వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదట. ఊళ్ళు తిరిగారు, స్టేషన్లు తిరిగారు, ఆసుపత్రులు తిరిగారు. వాళ్ళమ్మ "పోయాడనుకుందాం" అని ఫోటోలన్నీ తీసి పెట్టెలో వేసేసిందట. ఈ అమ్మాయి అనుకోలేదు. సూట్‌కేస్‌కి జిప్పు వేయిద్దామని ఫోన్లో వెతుకుతుంటే మన సైట్ కనబడిందట.

"ముఖం లేదు కదమ్మా, ఎలా చెప్పగలవు?" అన్నాను.

"ఆ వేలు నా వల్లే అలా అయిందండీ. నాకు ఆరేళ్ళప్పుడు తలుపు గట్టిగా వేశాను. ఆయన వేలు సందులో ఉంది. మళ్ళీ వంగలేదు" అంది.

ఆయన ఇక్కడ లేడనీ, ఎప్పుడూ లేడనీ, ఎక్కడున్నాడో కూడా మాకు తెలియదనీ చెప్పడానికి నాకు గంట పట్టింది. ఆ అమ్మాయి నమ్మలేదు. దాస్తున్నాననుకుంది. లోపలి గది తలుపు తీసి చూసింది. బల్లకింద చూసింది. నేను అడ్డుపడలేదు. చివరికి కుర్చీలో కూలబడి, "మరి నలభై ఏళ్ళుగా అని రాశారు కదండీ" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. నీ దగ్గర ఉంటే రాసి పంపు. జోకు రాశావంటే మాత్రం ఆ ఉత్తరం చించేస్తాను.

అక్క

*

అక్కా,

జవాబు లేదు.

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ మొదటి వాక్యం దానంతటదే వెకిలిగా వస్తోంది. చేతికి అలవాటైపోయింది. చించేశాను, నీకు ఆ శ్రమ లేకుండా.

ఎవరి హక్కులున్నాయో అన్నీ చూశాననుకున్నాను. ఫోటో తీసినవాడిది, సంచి కంపెనీది, పళ్ళపొడి ఆవిడది. కుడుతున్న ఆయన్ని గురించి ఒక్క క్షణం ఆలోచించలేదు. పైపెచ్చు ఆయనకి నలభై ఏళ్ళ ఉద్యోగమిచ్చాను, మోకాళ్ళనొప్పులిచ్చాను.

వాక్యం ఆ రోజే తీసేశాను. ఫోటో తీసినాయనకి రాశాను. ఐదు రోజులు పలకలేదు. ఇంకో మూడుసార్లు రాశాను. నిన్న జవాబొచ్చింది. నాలుగేళ్ళ కిందటి ఫోటోనట. ప్రయాణంలో కెమెరా సంచి పట్టీ తెగితే, రైల్వేస్టేషన్ వెనక, వంతెన మెట్ల కింద కూర్చున్న ఒక పెద్దాయన కుట్టిచ్చాడట. పేరు అడగలేదట. ఫోటో తీసుకోవచ్చా అంటే, "ముఖం రాకుండా తీసుకో" అన్నాడట.

ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. ఊరు, స్టేషన్, మెట్ల వివరం వేరే కాగితం మీద రాశాను. ఆ అమ్మాయికి ఇవ్వాలో వద్దో నాకు తెలియడం లేదు. నువ్వు ఎలా అంటే అలా.

తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

ముందు పని సంగతి. ఆ ఫోటో కూడా తీసెయ్. హక్కుల కాగితం ఎంత గట్టిదైనా సరే. ఆ చోట మన షట్టర్ ఫోటో పెట్టు. దాని తుప్పు మీద సర్వహక్కులూ నావే.

కాగితం ఆ అమ్మాయికి ఇచ్చాను. ఇవ్వకుండా నా మొహం నేను చూసుకోలేను. ఒక్కర్తినే పంపబుద్ధి కాలేదు. దుకాణం రెండు రోజులు మూసి నేనూ వెళ్ళాను. దారంతా ఆ అమ్మాయి నన్ను తాళాల గురించీ జిప్పుల గురించీ అడుగుతూనే ఉంది, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

స్టేషన్ దగ్గర దిగాక ఆ అమ్మాయి ముందుకు రాలేదు. "మీరు వెళ్ళి చూసి రండి" అని బెంచీ మీద కూర్చుండిపోయింది.

ఆయన అక్కడే ఉన్నాడు. అవే మెట్లు, గోనె పరిచిన చోటు, డబ్బా నిండా బకిల్స్. నేనూ ఇదే పని చేస్తానని చెప్పి, ఫోటో చూపించాను. చాలాసేపు చూశాడు. "ఈ మైనం దారం ఇప్పుడు దొరకడం లేదమ్మా" అన్నాడు మొదట. అప్పుడు చెప్పాను, ఎవరు వచ్చారో. సూది కింద పెట్టేశాడు.

"నేను కాదని చెప్పమ్మా. పొరపాటు పడ్డామని చెప్పు."

"ఎందుకండీ?"

"వారానికి తిరిగెళితే కోపం చల్లారిందనేవాళ్ళు. నెలకి వెళితే బుద్ధొచ్చిందనేవాళ్ళు. తొమ్మిదేళ్ళకి వెళితే ఏమంటారు? వాళ్ళకే మాట దొరకదు. ఇబ్బంది పెట్టడం ఎందుకు?"

నేను లేచాను. వెనక్కి తిరిగితే బెంచీ ఖాళీగా ఉంది. ఆ అమ్మాయి పది అడుగుల దూరంలో, టికెట్ల కిటికీ పక్క స్తంభం చాటున నిలబడి ఉంది. ఎప్పటినుంచో ఏమో.

నేను నోరు తెరిచేలోపే, "కాదని చెప్పమన్నారు కదండీ?" అంది.

అబద్ధమాడదామనుకున్నానురా. ఆ అమ్మాయి ముందు నా వల్ల కాలేదు. తలూపాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. భుజాన ఉన్న సంచి తీసి, లోపలి సామానంతా నా సంచిలోకి కుమ్మరించింది. తర్వాత కాలితో సంచిని తొక్కిపట్టి, రెండు చేతులా పట్టీ పట్టుకుని లాగింది. మంచి పట్టీ, ఇంకా పదేళ్ళు వచ్చేది. నాకు ప్రాణం చివుక్కుమంది. మూడోసారికి తెగింది.

"ఇది కుట్టించుకుని రండి" అంది.

ఆయన దాన్ని తిప్పి చూశాడు. "అరిగి తెగింది కాదు ఇది. పంతంగా లాగి తెంచారు" అన్నాడు. "ఎవరిది?"

జవాబు కోసం ఆగకుండా సూది అందుకున్నాడు. తల మాత్రం ఎత్తలేదు. స్తంభం వైపు చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతున్నాడో నాకు తెలుస్తూనే ఉంది. పది నిమిషాల పని. గంటపైన చేశాడు. తెగిన వైపు రెండు వరసలు కుట్టాడు. తెగని వైపు కూడా విప్పి మళ్ళీ కుట్టాడు. ఎవరూ చెప్పలేదు.

చేతికిస్తూ, "ఇంక తెగదు" అన్నాడు. నేను నాలుగు అడుగులు వేశాక వెనకనుంచి పిలిచాడు.

"తెగినా ఫరవాలేదమ్మా. ఒక్క మంగళవారమే ఉండను."

బస్సులో ఆ అమ్మాయి అడిగింది, ఏమన్నారని. మంగళవారం సెలవట అని చెప్పాను. సంచి ఒళ్ళో పెట్టుకుని పట్టీని అటోసారి, ఇటోసారి గట్టిగా లాగి చూసింది. కుట్టు ఏమాత్రం కదల్లేదు. మళ్ళీ తెంచాలంటే ఎంత బలం కావాలో లెక్క చూసుకుంటున్నట్టుంది.

ప్రేమతో,
అక్క