గదిలో ఇంకెవరున్నారు?

ప్రియమైన ఆడపడుచు గారికి,

అలక తీరిందా, ఇంకా ఉందా? మీ వదిన ఇప్పుడు ఆన్‌లైన్ విశ్వవిద్యాలయం మొత్తానికీ అధిపతి. ఎన్నో దేశాల విద్యార్థులున్నారు, ఒక్కరినీ ఎదురుగా చూసింది లేదు. "ముఖాలు చూడకుండా పెత్తనం చేయడం నీకే చెల్లింది" అంటున్నాడు మీ అన్నయ్య.

ఈ కుర్చీ తెచ్చిపెట్టింది నేను పెట్టించిన పరీక్షల కెమెరానే. ఇంట్లో కూర్చుని రాసేవాళ్లు ఎవరితోనైనా మాట్లాడితే అదే పట్టేసి పేపరు రద్దు చేస్తుంది. పేపరు పోయినవాళ్లంతా లబోదిబోమంటూ అర్జీలు పెట్టారు. కాపీ కొట్టినవాడు కొట్టానని ఒప్పుకుంటాడా? అన్నిటినీ ఒక్క సంతకంతో కొట్టిపారేశాను. ఎందుకో మనసు మాత్రం కుదురుగా లేదు. నీ దగ్గర్నుంచేమో ఉలుకూ పలుకూ లేదు. నా మీద కోపమా?

నీ గయ్యాళి వదిన

వదినమ్మకు,

నీ ఉత్తరం వచ్చేదాకా కోపం లేదు. నువ్వు కొట్టిపారేసిన అర్జీల్లో ఒకటి నాది.

మీ దాంట్లో చదువుతున్నానని కావాలనే చెప్పలేదు. పాసైతే అంతా వదిన చలవే అంటారని భయం. ఆసుపత్రిలో డ్యూటీ దిగి, యూనిఫాం అయినా మార్చుకోకుండా పాఠాలు విన్నాను. ఆ డిగ్రీ ఉంటేనే వార్డు ఇన్‌ఛార్జిని చేస్తారు. ఆసుపత్రి తరఫున చేరాను కాబట్టి రద్దు కబురు మేట్రన్‌కి కూడా వెళ్లింది. ఆవిడ మందుల బీరువా తాళాలు నా చేతిలోంచి తీసుకుంది.

గదిలో ఇంకెవరితోనో మాట్లాడానని రాశారు. ఎవరితో వదినా? పైకి చదువుకుంటే తప్ప ప్రశ్న నా బుర్రకెక్కదని నీకు తెలియదూ? గదిలో నేనూ ఇస్త్రీ బల్లా తప్ప ఎవరూ లేరు.

నీ మరదలు

పిచ్చి మొద్దూ,

ముందే చెప్పి చావొచ్చు కదా! నీ రికార్డింగ్ తెప్పించుకుని చూశాను. యూనిఫాంలోనే కూర్చున్నావు. కళ్లు ప్రశ్న మీదే ఉన్నాయి, పెదవులు మాత్రం కదులుతున్నాయి. చూస్తూ ఏడ్చాను.

నీ రద్దు ఎత్తేయడం నాకు చిటికెలో పని. మూడో కంటికి తెలియదు. సరేనని ఒక్క ముక్క రాయి, మేట్రన్‌తో నేనే మాట్లాడతాను.

నీ వదిన

వదినా,

వద్దు. అప్పుడు నిజంగానే దొంగనవుతాను. నాలా గొణుక్కుంటూ చదివేవాళ్లు ఇంకెందరున్నారో, వాళ్లందరికీ వదినలుండరు. చూస్తే అందరివీ చూడు, లేదంటే నాదీ అలాగే వదిలెయ్.

నీ మరదలు

ప్రియమైన మరదలికి,

ఇన్నాళ్లూ నేను జవాబు రాయకుండా ముఖం చాటేసింది కోపంతో కాదు, భయంతో. అందరివీ తిరగదోడితే నా కిందికి నీళ్లొస్తాయని తెలుసు.

చివరికి ఇద్దరు అధ్యాపకులతో కలిసి ఆ రికార్డింగులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. గొణుక్కునేవాళ్లు, చంటిబిడ్డను జోకొట్టేవాళ్లు, పక్క మంచంలో మూలిగే ముసలివాళ్లకి "వస్తున్నా" అని చెప్పేవాళ్లు. దొంగలూ ఉన్నారు, కొద్దిమందే. తక్కిన రద్దులన్నీ ఎత్తేశాను. పొరపాటు నాదేనని నా పేరుతోనే అందరికీ రాశాను, మీ మేట్రన్‌కి కూడా. పాలకమండలికి అది మింగుడుపడలేదు. రాజీనామా అడిగారు, ఇచ్చేశాను. ఆ రోజంతా మీ అన్నయ్య ఒక్క జోకూ వేయలేదు. అది చూస్తేనే నాకు దిగులేసింది.

నేను కుర్చీ దిగేలోగా పేపర్లన్నీ దిద్దించాను. నీది దిద్దింది నీ ముక్కూమొహం తెలియనివాళ్లే. ఎలా చెప్పాలో తెలియక ఇంతసేపూ సాగదీశాను. నువ్వు ఫెయిలయ్యావే తల్లీ. లెక్కల పేపరులో సగం మార్కులు కూడా రాలేదు. ఏడవాలనిపిస్తే ఏడువు, మళ్లీ కట్టు. కానీ ఆ మార్కులు అచ్చంగా నీవే. ఈ మాట ఎవరి ముందైనా చెప్పగలను.

ఉద్యోగం ఊడిన నీ వదిన